జాజ్ సర్టిఫికెట్ వెనక మా నాయన పెన్సిలు రాత: తుడిపేయమంటున్నారు, ఏం చేయాలి?

పటాలకొట్టు_తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో పటాలు కట్టే అంగడి ఉండాది నాకు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. స్వామివారి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయిన పెద్దల ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు. కాగితం నా చేతికి కొత్త కాదు. అయినా ఈ ఒక్క కాగితం దగ్గర చెయ్యి ఆడటం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతా ఉండా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

మా నాయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బి ఫ్లాట్ క్లారినెట్. పుత్తూరు, చంద్రగిరి, పాకాల, పలమనేరు... ముహూర్తాలు గట్టిగా ఉండే నెలల్లో ఆయన్ను ఇంట్లో చూసిందే తక్కువ. 1983 ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజులు చూసుకొని, అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి మద్రాసు పోయినాడు. మూర్ మార్కెట్లో ఒక పాత ఆల్టో సాక్సోఫోను కొనుక్కొచ్చినాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బస్సు దిగి, ఆ నల్లపెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని నడిచొచ్చింది నాకు బాగా గుర్తు. ఆ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. రెండేళ్ళు ఆగుంటే ఇది మా ఇంటికి వచ్చేదే కాదు.

నాయన పోయి ఆరేళ్ళయింది. పెట్టె అటక మీదనే ఉండె. 2021 నవంబరు వానలకు మా వీధిలోకి నీళ్ళొచ్చి కింద ట్రంకు పెట్టెలన్నీ తడిసిపోయినాయి. అటక మీద ఉండబట్టి ఇది మిగిలింది. పోయిన నెల సున్నం కొట్టించేదానికి దించినాను. మూత లోపలి ఎర్ర మఖమలు గుడ్డ ఒక పక్క ఊడిపోయి సంచిలాగా అయింది. అందులో చెయ్యి పెడితే నాలుగు మడతలు పెట్టిన కాగితం తగిలింది.

విప్పి చూస్తే ఇంగ్లీషు సర్టిఫికెట్. మీగడ రంగు మందపాటి కాగితం, చుట్టూ ముదురు నీలం అంచు. పైన పెద్ద అక్షరాల్లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ జాజ్ ఎడ్యుకేటర్స్ అని ఉండాది. దాని కింద అవుట్‌స్టాండింగ్ మ్యూజిషియన్‌షిప్ అని. ఒక అబ్బాయి పేరు, ఒక హైస్కూల్ జాజ్ బ్యాండ్ పేరు నల్ల ఇంకుతో చేత్తో రాసినారు. 1976 ఏప్రిల్ తేదీ. రెండు సంతకాలు. ఎడమ పక్క కింద రంపపు పళ్ళ అంచుతో బంగారు రంగు సీలు, వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తుంది. ఆ పిల్లవాడి పేరు ఇక్కడ పెట్టను. ఆయన ఈపాటికి అరవై దాటిన మనిషై ఉంటాడు, ఆయన్ను అడక్కుండా పెట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. కాగితం వెనక పక్క మా నాయన చేతిరాత ఉండాది. పెన్సిలుతో, తెలుగులో.

స - జి
రి - ఏ
గ - బి
ప - డి
ద - ఇ
పై స - జి

దాని పైన మోహనం అని రాసినాడు. కింద ఇంకొకటి, శంకరాభరణం. అందులో మ పక్కన సి, ని పక్కన ఎఫ్ రాసి, ఆ ఎఫ్‌కు రెండు నిలువు, రెండు అడ్డం గీతలతో గళ్ళ ముగ్గులాంటి గుర్తు వేసినాడు. రెండు చోట్లా ప దగ్గర మాత్రం పెన్సిలు గట్టిగా నొక్కి, చుట్టూ సున్నా చుట్టినాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ద రాస్తే పొట్టలో చుక్క పెట్టినాడో లేదో తెలియదు, అట్లా ఉంటుంది ఆయన రాత. చూసిన వెంటనే నాయన రాతే అని తెలిసిపోయింది.

ఫొటో ఒకచోట పెడితే పాత వస్తువులు కొనేవాళ్ళు ఒకరు ఫోన్ చేసినారు. కాగితానికి నాలుగు వేలు ఇస్తామన్నారు. వెనక పెన్సిలు గీతలు రబ్బరుతో తుడిచి శుభ్రంగా ఇస్తే ఆరు వేలట. సాక్సోఫోను వెనక 1914 అని ఉండాది కాబట్టి అది నూరేళ్ళ నాటిది, దానికి వేరే మాట్లాడదాం అన్నారు.

నాకు తెలుసుకోవాల్సినవి ఇవి. ఈ సర్టిఫికెట్ ఏంది, నిజమైనదేనా, దీనికి విలువ ఉందా. మడతలు తెగేట్టు ఉండాయి, ఎట్లా కాపాడాలి. పక్క అంగడాయన లామినేషన్ చేయించెయ్ అంటాడు. నా చేత్తో నేనే పటం కడదామంటే, పటంలో ఒక పక్కే కనిపిస్తుంది. ముందు పక్క చూపిస్తే నాయన రాత అట్ట వెనక్కు పోతుంది. నాయన రాత చూపిస్తే ఆ పిల్లవాడి పేరు గోడకు తిరుగుతుంది. రెండూ నాకు ఇష్టం లేదు.

---

తాటాకు_పెద్దాయన:

బాబూ, మొదట ఒక మాట. లామినేషన్ చేయించకు. రబ్బరు ముట్టించకు. ఈ రెండూ ఆగితే మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

నేను తాళపత్రాలు, పాత కాగితాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. లామినేషన్ అంటే వేడితో ప్లాస్టిక్ జిగురును కాగితం పోగుల్లోకి కరిగించడం. ఒకసారి లోపలికి పోయాక దాన్ని కాగితం చెడకుండా వెనక్కు తీయడం మా వంటివాళ్ళ వల్ల కూడా కాదు. సెల్లోటేపు కూడా అంతే. నాలుగేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పసుపు మరకై అక్కడే ఉండిపోతుంది.

పటాల పని చేసేవాడివి, నీకు నేను చెప్పేదేముంది, ప్లైవుడ్డుకు ఆనించి కట్టిన పాత ఫొటో విప్పితే వెనక చెక్క గీతలు గోధుమరంగులో దిగి ఉంటాయి చూశావా? చెక్కలోని ఆమ్లం కాగితంలోకి దిగిందన్నమాట. గాజు నేరుగా కాగితానికి తగిలితే మన తిరుపతి కార్తీకమాసపు తేమకు రెండూ అతుక్కుంటాయి. అది కూడా నీ అంగట్లో చూసే ఉంటావు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. చేతులు కడుక్కొని బాగా ఆరాక ముట్టుకో. మడతలు ఒక్కసారిగా వెనక్కు విరచొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. రెండు తెల్లటి అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన చదునైన అట్ట, దాని మీద ఒక తేలిక బరువు పెట్టు. సీలు ఉబ్బు మీద మాత్రం బరువు పడకూడదు, అక్కడ అట్ట కత్తిరించి ఖాళీ వదులు. పదిరోజులు తీసి చూడకు. తెగిన చోట అతికించాలనే ఆలోచన పెట్టుకోవద్దు. ఆ పని జపాన్ నుంచి వచ్చే పల్చటి టిష్యూ కాగితంతో, పలచని గంజితో, చేయడం తెలిసినవాళ్ళే చేయాలి.

తర్వాత పాలియెస్టర్ కవరులో పెట్టు. మైలార్ అని అడిగితే తెలుస్తుంది. అంగళ్ళలో దొరికే మెత్తటి, వాసనొచ్చే పీవీసీ కవర్లు వద్దు, వాటికి ఇంకు అంటుకుపోతుంది. గుండుసూది, క్లిప్పు వద్దు, తుప్పు పడుతుంది. రామబాణం పురుగు కాగితం మీది గంజి కోసం వస్తుంది. నాఫ్తలీను ఉండలు పెట్టెలో ఒక మూల గుడ్డలో కట్టి పెట్టు, కాగితానికి తగలకూడదు. ఇంకొకటి, తాటాకులకు మేము నిమ్మగడ్డి నూనె రాస్తాం కదా అని ఎవరైనా చెబుతారేమో. అది ఆకుకే. కాగితానికి చుక్క కూడా తగలనీయొద్దు.

ఇక పెన్సిలు సంగతి. పెన్సిలు గీత అంటే కార్బన్. వెలుతురుకు వెలవదు, తడికి కారదు. పాత ప్రతులు చూసే గదుల్లోకి పెన్ను రానివ్వరు, పెన్సిలే రానిస్తారు. మీ నాయన తెలిసి చేశాడో తెలియక చేశాడో, ఆ కాగితానికి హాని లేని దానితో రాశాడు. ముందున్న నల్ల ఇంకు వెలిసిపోయినా ఆయన రాత ఉంటుంది. రబ్బరు పెడితే గీతతో పాటు కాగితం పైపొర కూడా లేచిపోతుంది. ఆయన నొక్కి రాశాడంటున్నావు, ఆ గాడి ఎటూ పోదు. రాత ఉండదు, మచ్చ ఉంటుంది.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. తిరుమలలో అన్నమయ్య రాగిరేకులు వేల సంకీర్తనలను కాపాడాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. అందుకే ఇవాళ మనం పాడుకునే వరుసల్లో ఎక్కువ భాగం తర్వాతి విద్వాంసులు కట్టుకున్నవి. స్వరం రాసిపెట్టిన కాగితం ఏదైనా సరే, ఎవరు రాసినదైనా సరే, నా ఎదుట తుడుస్తానంటే నేను ఊరుకోను.

---

గ్రీమ్స్‌పేట_డాలస్:

అన్నా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. ఇప్పుడు డాలస్‌లో ఉంటాము. మా పాప ఇక్కడ స్కూల్ జాజ్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తుంది. కాబట్టి నాకు తెలిసినంత చెప్తా.

మీ కాగితం మీద ఉన్న సంస్థ పేరే దాని వయసు చెప్తుంది. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ జాజ్ ఎడ్యుకేటర్స్ అంటే ఇక్కడ జాజ్ నేర్పే టీచర్ల సంఘం, 1968లో మొదలైంది. 1989లో పేరులో నేషనల్ తీసేసి ఇంటర్నేషనల్ అని మార్చుకున్నారు. 2008లో దివాలా తీసి మూతపడింది. అంటే నేషనల్ అనే పేరుతో అచ్చయిన కాగితం ఆ ఇరవై ఒక్క ఏళ్ళలోదే. 1976 అందులో సరిగ్గా కూర్చుంటుంది. ఏప్రిల్ కూడా అతుకుతుంది. ఇక్కడ స్కూళ్ళ జాజ్ పోటీలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే లోపల జరుగుతాయి.

ఆ పోటీల్లో పది ఇరవై స్కూళ్ళ బ్యాండులు వస్తాయి. ఒక్కొక్క బ్యాండుకు ఇంత టైము అని ఇస్తారు. జడ్జీలు బ్యాండుకు మార్కులు వేస్తారు, దాంతో పాటు బాగా సోలో వాయించిన పిల్లల్ని విడిగా ఎంచి ఇట్లాంటి సర్టిఫికెట్ ఇస్తారు. అది స్కూలుకు వచ్చింది కాదన్నా, ఆ పిల్లవాడికి వచ్చింది. స్టేజీ మీద లేచి నిలబడి, రాసివ్వని పాటను అప్పటికప్పుడు అల్లి వాయించినందుకు వచ్చింది. మనవాళ్ళ మనోధర్మం అనుకోండి.

మనకు జాజ్ అంటే అమెరికా వాళ్ళు నెత్తిన పెట్టుకున్న సంగీతం అనిపిస్తుంది గానీ, స్కూళ్ళలోకి రావడానికి దానికి చాలా కాలం పట్టింది. మా ఇంటికి దగ్గర్లోనే డెంటన్ అనే ఊరుంది. 1947లో అక్కడి కాలేజీ ఈ దేశంలో మొదటిసారి జాజ్‌లో డిగ్రీ పెట్టింది. పెట్టింది కానీ జాజ్ అనే మాట రాయలేదు, డాన్స్ బ్యాండ్ అని రాసుకున్నారు. అట్లాంటిది ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఒక హైస్కూల్ పిల్లవాడికి జాజ్ అని పెద్దక్షరాలతో అచ్చేసిన కాగితం చేతికిచ్చారు. మీ కాగితం విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

డబ్బు అడిగితే, పేరున్న వాయిద్యగాడు కాకపోతే ఇట్లాంటి సర్టిఫికెట్లు ఇక్కడ పాత సామాన్ల అమ్మకాల్లో కొన్ని డాలర్లకే పోతాయి. ఆ పిల్లవాడు తర్వాత పేరు తెచ్చుకున్నాడేమో వెతకొచ్చు. వెతకాల్సింది ధర కోసం కాదన్నా. ఆ స్కూలు ఇంకా ఉంటే పూర్వ విద్యార్థుల సంఘం ఉంటుంది. పేరు బయట పెట్టకుండా, వాళ్ళకు ఒక ఉత్తరం రాసి, ఈ సంవత్సరం, ఈ బ్యాండు, మీవాళ్ళకు అందజేయగలరా అని అడగండి. నేను ఇంగ్లీషులో రాసిపెడతాను. ప్రైవేటు మెసేజిలో స్కూలు పేరు పంపండి చాలు.

---

పాతకాగితాలు:

నేను ముప్పై ఏళ్ళుగా స్టాంపులు, పాత షేరు సర్టిఫికెట్లు, స్కూలు యోగ్యతాపత్రాలు పోగుచేస్తున్నాను. కొంటాను, అమ్ముతాను కూడా. కాబట్టి నా మాట బేరగాడి మాటగానే తీసుకోండి, కానీ అబద్ధం చెప్పను.

నిజమైనదా కాదా అన్నది మీరే తేల్చుకోవచ్చు. కంసాలి వాడే భూతద్దం తెచ్చుకోండి. అంచు ముద్రను చూడండి. అచ్చు యంత్రం మీద వేసింది గీతలు తెగకుండా నిండుగా ఉంటుంది. ఈ మధ్య ఇంట్లో ప్రింటరు మీద తీసిందైతే రంగురంగుల చుక్కలు చెదిరినట్టు కనిపిస్తాయి. సంతకాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి, పెన్ను పాళీ నడిచిన దారి, ఇంకు చిక్కబడిన చోట్లు తెలుస్తాయి. కొలత కూడా తీసుకోండి. అమెరికా వాళ్ళ మామూలు కాగితం మన ఏ4 కాదు. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడుగు. అంటే ఏ4 కంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, పద్దెనిమిది మిల్లీమీటర్లు పొడుగు తక్కువ. మన దగ్గర తయారుచేసిన నకలైతే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది.

సాక్సోఫోను మీద 1914 అంటే నాకు అనుమానమొచ్చింది. బొటనవేలి కొక్కెం దగ్గర డిసెంబరు 8, 1914 అని, 1119954 అనే అంకె ఉందా? ఉంటే అది తయారైన సంవత్సరం కాదు. కాన్ కంపెనీ వాళ్ళ సాక్సోఫోన్లలో గొట్టం నుంచే రంధ్రాల గట్లు లాగి చేసే పద్ధతికి ఉన్న పేటెంటు తేదీ, పేటెంటు నంబరు. దశాబ్దాలపాటు అదే ముద్ర వేస్తూ పోయారు. వయసు తేల్చేది దాని దగ్గరే విడిగా ఉండే సీరియల్ నంబరు. 1914 చూపించి నూరేళ్ళది అన్నవాళ్ళకు ఈ సంగతి తెలియదు, లేదా మీకు తెలియదనుకున్నారు.

ఇక రబ్బరు సంగతి. మా వ్యాపారంలో వెనక పక్క తెల్లగా ఉంటే ధర ఎక్కువ, రాతలుంటే తక్కువ. ఇది మామూలు లెక్క, వాళ్ళు మిమ్మల్ని మోసం చేయాలని చెప్పింది కాకపోవచ్చు. కానీ ఆ లెక్క ఒంటరి కాగితానికి. మీ దగ్గరున్నది ఒంటరి కాగితం కాదు. అది దొరికిన పెట్టె ఉంది, పెట్టెలో వాయిద్యం ఉంది, ఎక్కడ కొన్నారో ఏ ఏడాది కొన్నారో చెప్పే మీరున్నారు, దాని మీద రాసిన చెయ్యి ఎవరిదో తెలుసు. ఈ నాలుగూ కలిసి ఉండటం నా ముప్పై ఏళ్ళలో రెండు మూడుసార్లకు మించి చూడలేదు. విడగొడితే నాలుగు చిల్లర వస్తువులు. అమ్మదలచుకుంటే మొత్తం కలిపి అమ్మండి, జరిగిందంతా ఒక తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి దాంతోపాటు ఇవ్వండి. అమ్మకపోతే ఇంకా మంచిది. ఆ కాగితం మాత్రం ఇవాళే రాయండి. మీ తర్వాత పిల్లలకు ఎవరు చెబుతారు?

---

సాక్స్_శ్రీకాళహస్తి:

అన్నా, నేను గుళ్ళో ఉత్సవాలకు, కచేరీలకు సాక్సోఫోను వాయిస్తాను. మాది నాదస్వరం ఇల్లు. మీరు రాసిన ఆ ఆరు వరుసలు చదివి నేను లేచి పెట్టె తెరిచి వాయించి చూసినా. అందరూ కాగితం గురించి మాట్లాడుతున్నారు, నేను ఆయన ఏం రాసినాడో చెప్తా.

ఆ జి, ఏ, బి అన్నవి ఇంగ్లీషు స్వరాల పేర్లు. ఆల్టో సాక్స్ ఇ-ఫ్లాట్ వాయిద్యం. అందులో సి వాయిస్తే బయటికి ఇ-ఫ్లాట్ వినిపిస్తుంది. మీ నాయన క్లారినెట్ బి ఫ్లాట్‌ది. అందులో సి వాయిస్తే బయటికి బి ఫ్లాట్ వస్తుంది. ఇద్దరూ సి దగ్గర స పెట్టుకొని ఒకే మేళంలో ఊదితే శ్రుతి కలవదు. మేళంలో మిగతా క్లారినెట్లు ఎక్కడ స పెట్టినాయో అక్కడికి సాక్స్‌ను తెచ్చుకోవాలి. ఆల్టోలో ఆ చోటు జి. మీ నాయన స పక్కన రాసింది అదే. ఎవరూ చెప్పకపోతే దీన్ని చెవితో వెతుక్కోవాలి. ఆయన వెతుక్కున్నాడు.

ఇప్పుడు వేళ్ళు చూడండి. క్లారినెట్‌లో ఆ స కు ఎడమ చేతి మూడు వేళ్ళు మూసి, వెనక బొటనవేలు మూయాలి. సాక్స్‌లో జి కూడా ఎడమ చేతి మూడు వేళ్ళే. రి కి ఒక వేలు ఎత్తాలి, రెండింట్లోనూ అంతే. గ కి ఇంకో వేలు, రెండింట్లోనూ అంతే. అంటే స రి గ వరకు ఇరవై ఏళ్ళ క్లారినెట్ చెయ్యి సాక్స్ మీద దానంతట అదే నడుస్తుంది. ప దగ్గరకు వచ్చేసరికి దారి మారిపోతుంది. క్లారినెట్‌లో ప అంటే వేళ్ళన్నీ ఎత్తేయడమే. సాక్స్‌లో ప, అంటే డి కావాలంటే ఆరు వేళ్ళూ మూసి, బొటనవేలితో ఆక్టేవ్ కీ, అంటే పై స్థాయికి తీసుకుపోయే కీ నొక్కాలి. ఒకదాంట్లో అన్నీ తెరవాలి, ఇంకోదాంట్లో అన్నీ మూయాలి. ఊరేగింపులో నడుస్తా గ నుంచి ప కి దూకేటప్పుడు పాత అలవాటుకు వేళ్ళు పైకి లేచిపోతాయి. అపశ్రుతి వచ్చేది అక్కడే.

మీ నాయన పెన్సిలు గట్టిగా నొక్కి సున్నా చుట్టింది ప దగ్గరే కదన్నా. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అది గీత కాదు, ఆయన తనకు తాను చెప్పుకున్న హెచ్చరిక. మొదటి రోజుల్లో ఎన్నిసార్లు అక్కడ జారినాడో, ఎన్నిసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టినాడో ఆ సున్నాలో ఉంది.

శంకరాభరణంలో ఎఫ్ పక్కన మీరు ముగ్గు గళ్ళు అన్నది స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తు. జి దగ్గర స పెడితే ని కి ఎఫ్ షార్ప్ వస్తుంది. సరిగ్గా రాసినాడు. ఆ గుర్తు ఆయనకు ఎవరు చూపించినారో గానీ తప్పులేదు.

ఇంకో సంగతి. మోహనం ఆరోహణలో వచ్చే ఆ ఐదు స్వరాలను అమెరికా వాళ్ళు మేజర్ పెంటటోనిక్ అంటారు. జాజ్ నేర్చుకునే పిల్లలు రోజూ సాధకం చేసే వరుసల్లో అదొకటి. కాగితం ముందు పేరున్న పిల్లవాడు, వెనక రాసిన మీ నాయన ఒకే ఐదు స్వరాలకు వేళ్ళు అరగదీసినారు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మనవాళ్ళకు సాక్సోఫోనంటే కద్రి గోపాల్‌నాథ్ గారు. ఆయనదీ నాదస్వరం ఇల్లే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో చూసి దాని వెంట పడినారు. 1980లో బొంబాయిలో జాన్ హ్యాండీ అనే అమెరికా జాజ్ విద్వాంసుడితో కలిసి స్టేజీ ఎక్కినారు. 2019లో పోయినారు. అట్లాంటి పెద్దవాళ్ళ గురించి రాసేవాళ్ళున్నారు. పుత్తూరు, పాకాల పెళ్ళిళ్ళలో కాలినడకన వాయించినవాళ్ళు సాక్స్‌ను మన శ్రుతికి ఎట్లా తెచ్చుకున్నారో యాడా రాసిలేదు. నాకు తెలిసి నేను చూసిన మొదటి కాగితం మీదే.

దాన్ని రెండు వేల రూపాయల కోసం తుడిపేయమన్నారా అన్నా. వద్దు. చేతులు పట్టుకొని అడుగుతా ఉండా.

---

పటాలకొట్టు_తిరుపతి:

అందరికీ దండాలు. ఇన్ని రోజులు జవాబు రాయలేదు, అద్దుడు కాగితాల కింద పెట్టినాను కాబట్టి తీసేదాకా ఆగినా.

కాళహస్తి తమ్ముడూ, నువ్వు రాసింది రాత్రి అంగడి మూసినాక చదివినాను. ఆ సున్నా నేను చూడనిది కాదు, పదిసార్లు చూసినా. ఏదో తప్పు రాసి దిద్దుకున్నాడేమో అనుకున్నా. ఇంటికి పోయి అమ్మకు చదివి వినిపించినాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. ఆ ఆషాఢమంతా పక్కింటివాళ్ళు తిడతారని నాయన దుప్పటి కప్పుకొని, సాక్సు గొట్టంలో పాత గుడ్డలు కుక్కి ఊదేవాడట. ఒకే చోటికి వచ్చి ఆగిపోయేవాడట. ఈయనకు ఇది రాదేమో, నా కమ్మలు పోయినట్టేనేమో అని దిగులు పడిందట. శ్రావణంలో మొదటి పెళ్ళికి తీసుకుపోయినాడు. కమ్మలు దీపావళికి విడిపించినాడు. ఇదంతా నాకు తెలియదు. నలభై ఏళ్ళకు తెలిసింది.

కొనేవాళ్ళకు ఫోన్ చేసి అమ్మనని చెప్పేసినా. గొడవేమీ లేదు, సరేనన్నారు.

పెద్దాయన చెప్పినట్టే చేసినా. మడతలు ముప్పాతిక భాగం సర్దుకున్నాయి. మధ్యలో రెండు మడతలు కలిసే చోట బియ్యపు గింజంత చిల్లు ఉండాది, దాన్ని ముట్టుకోలేదు. కొలిస్తే ఎనిమిదిన్నర పదకొండే వచ్చింది. మా అంగట్లో ఉన్న ఏ4 కవరు ఒక్కటీ సరిపోలేదు, వెడల్పు పట్టదు. పాలియెస్టర్ షీటు తెప్పించి నేనే కోసి, రెండు పక్కలా కనిపించేట్టు మడిచి పెట్టినాను. భూతద్దంతో చూసినా, చుక్కలు లేవు, గీత నిండుగా ఉండాది. సాక్సు వెనక మీరు చెప్పిన అంకెలే ఉన్నాయి, 1119954. దాని దగ్గర ఏ అని ఒక అక్షరం, సీరియల్ నంబరు విడిగా ఉన్నాయి. గంటలాంటి వెడల్పాటి మూతి మీద సి.జి. కాన్, ఎల్ఖార్ట్, ఇండియానా అని చెక్కినారు.

పటం సంగతి. అసలు కాగితం గోడకెక్కించను. మా అంగట్లో గోడకు పడే ఎండకు స్వామివారి పటంలో ఎరుపే మూడేళ్ళకు వెలిసిపోతుంది, నేను చూస్తూనే ఉంటాను. రెండు పక్కలూ రంగు జిరాక్సు తీయించినా. రెండు కాపీలు ఒకే చట్రంలో పక్కపక్కన పెట్టి కట్టినా, గాజుకు కాగితానికి మధ్య అట్ట గట్టు పెట్టి. కాపీలో ఆ అబ్బాయి ఇంటిపేరు మీద చిన్న కాగితం ముక్క వేసినా. ఆయన ఒప్పుకుంటే తీస్తాను. పాతకాగితాలు అన్నగారు చెప్పినట్టు జరిగిందంతా రాసి, అమ్మ చేత వేలిముద్ర, నా సంతకం వేసి పెట్టెలో పెట్టినాము.

డాలస్ తమ్ముడు రాసిచ్చిన ఉత్తరం ఆ స్కూలుకు పోయిన బుధవారం పంపినా. కాగితం రెండు పక్కల ఫొటోలు జతచేసినా. నాయన రాసింది ఏందో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడా రాయించినా. మీ అబ్బాయి గెలుచుకున్న కాగితం ఇక్కడ ఒకాయనకు పాఠం నేర్చుకునే పలక అయింది అని.

ఇంక ఒకటి అడగాలి. సాక్సు కీల కింద తోలు ప్యాడ్లు అన్నీ ఎండిపోయి బెరడులాగా అయినాయి, ఊదితే గాలి కారిపోతా ఉండాది. మా చిన్నమ్మాయి నేర్చుకుంటానంటుంది. ప్యాడ్లు మార్చేవాళ్ళు తిరుపతిలో గానీ చెన్నైలో గానీ ఎవరైనా తెలిస్తే చెప్పండి. పాత లక్క మీద మెరుగు పెట్టకుండా, పెట్టె గుడ్డ మార్చకుండా చేసేవాళ్ళు కావాలి.

---

సాక్స్_శ్రీకాళహస్తి:

ప్యాడ్లు నేనే వేస్తా అన్నా. కొలతలు తీయాలి కాబట్టి ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. అమ్మాయిని ఇంట్లో ఉండమను, జి చూపిస్తా.